పసిబిడ్డ ఉన్న ఇంటికి ఏం కానుక తీసుకెళ్ళాలి?

డిసెంబరు వచ్చిందంటే మా హాస్టల్లో సగం గదుల కిటికీలకు కాగితపు నక్షత్రాలు వేలాడతాయి. క్రిస్మస్ చేసుకునేవాళ్ళూ కడతారు, చేసుకోనివాళ్ళూ కడతారు. సీక్రెట్ శాంటా అని చీటీలు తీసి, ఒకరికొకరం కప్పులూ కీచైన్లూ ఇచ్చుకుంటాం. ఆ కానుక నచ్చకపోయినా ఎవరికీ నష్టం లేదు, వచ్చే ఏడు ఇంకొకరికి చుట్టేసి ఇస్తారు.

నిరుడు మాత్రం మాకు వేరే రకం లెక్క పడింది. నా రూమ్మేట్ వాళ్ళక్క నవంబరు చివర్లో ఆడబిడ్డను కనింది. నెలలు నిండకముందే కాన్పు. బిడ్డ బరువు 2 కిలోల 100 గ్రాములు. వాళ్ళది ధర్మవరం వైపు పల్లె, క్రిస్మస్ ఘనంగా చేసుకునే ఇల్లు. "బిడ్డకు ఇదే మొదటి క్రిస్మస్, మీరంతా రావల్లప్పా" అని వాళ్ళమ్మ ఫోన్ చేసి పిలిచింది. అయిదుగురం తలా మూడు వందలు వేసుకున్నాం. పదిహేను వందలు. పండగ దాకా ఆగలేక ముందే ఒకసారి చూసొద్దామని బజారుకు పోయి, బిడ్డల కోసం అమ్మే గిఫ్ట్ సెట్ ఒకటి కొన్నాం. పాల సీసా, పౌడరు, కాటుక, చిన్న దిండు, జరీ పూసల గౌను, నొక్కితే పాట పాడే బొమ్మ. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది.

ఆ సెట్‌లో ఆ ఇంటికి పనికొచ్చే వస్తువు ఒక్కటీ లేదని అక్కడికి పోయాక తెలిసింది. అందుకే ఈ వ్యాసం. మీలో చాలామందికి ఇలాంటి పిలుపు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

మా మొదటి కానుక ఎందుకు తప్పింది?

మేము పోయింది బిడ్డ పుట్టిన పద్నాలుగో రోజు. ఆశా కార్యకర్త కూడా అప్పుడే వచ్చింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డలను ఇంటికి వచ్చాక 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వాళ్ళు చూసిపోవాలని నియమం ఉంది. ఆమె మా పెట్టె విప్పి చూసి నవ్వింది. "సీసా ఎందుకు తెచ్చినారు సామీ? తల్లిపాలు సరిపోతాండాయి గదా!" అనింది.

మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కర్లేదని డాక్టర్లు చెబుతారు. సరిగా ఉడకబెట్టి కడగని సీసా విరేచనాలకు దారి. మన దేశంలో 1992లోనే దీని మీద చట్టం వచ్చింది. పాల సీసాలు, పాలపొడులు తయారుచేసే కంపెనీలు వాటికి ప్రచారం చేయకూడదు, తల్లులకు ఉచితంగా పంచకూడదు. కంపెనీలు చేయకూడదన్న పనిని మేము రిబ్బను కట్టి మరీ చేశాం!

మిగతావి కూడా అంతే. పౌడరు గాల్లోకి లేచి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాటుకలో సీసం ఉండే ప్రమాదం ఉంది. ఏడాది లోపు బిడ్డకు దిండు వద్దు, ఊపిరి ఆడకుండా పోవచ్చు. గౌను పూసలు ఒంటికి గీసుకుంటాయి, ఊడితే నోట్లోకి పోతాయి. పాట పాడే బొమ్మలోని బటన్ బ్యాటరీ పాకే వయసు బిడ్డ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొకరు తెచ్చిన తేనె సీసాను కూడా ఆశా అక్క పక్కన పెట్టించింది. ఏడాది నిండేవరకు బిడ్డకు తేనె నాకించకూడదు. అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా పెద్దవాళ్ళను ఏమీ చేయదు కానీ పసిపేగుల్లో విషం పుట్టిస్తుంది.

అక్క మాత్రం ఒక్క మాట అనలేదు. "బాగుండాయి తమ్ముడూ" అని గౌను మడిచి బీరువాలో పెట్టింది. ఆ మర్యాదకే మాకు ఎక్కువ సిగ్గేసింది.

ఆ ఇంటికి నిజంగా ఏం తక్కువైంది?

2.5 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ఒంట్లో కొవ్వు తక్కువ, వేడి నిలవదు. మన అనంతపురం ఎండలకు పేరు గానీ, పీఠభూమి కదా, డిసెంబరు రాత్రులు ఇరవై డిగ్రీల కిందికి దిగుతాయి. రేకుల ఇంట్లో ఆ చలి ఇంకా తెలుస్తుంది. అందుకే ఆశా అక్క బిడ్డను తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు తగిలేట్టు పడుకోబెట్టి, పైన గుడ్డ కట్టించింది. కంగారూ సంరక్షణ అంటారు దీన్ని. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో, ఎడ్గార్ రే అనే డాక్టరు మొదలుపెట్టాడు. లేమిలో పుట్టిన ఈ పద్ధతిని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే తక్కువ బరువు బిడ్డలందరికీ సిఫారసు చేస్తోంది. ఖర్చు లేదు. కావలసిందల్లా టైము. రోజుకు ఎన్ని గంటలు వీలైతే అన్ని గంటలు తల్లి అలా ఉండాలి. మధ్యలో తండ్రి గానీ అమ్మమ్మ గానీ ఎత్తుకోవచ్చు.

ఆ టైము ఎక్కడిది? నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య రుతుపవనాలకు మనం సముద్రానికి దూరం. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వానతో బతికే నేల మనది. ఆ ఊర్లో కుళాయి నాలుగు రోజులకొకసారి వస్తుంది. పసిబిడ్డ రోజుకు పదీ పన్నెండు గుడ్డలు తడుపుతుంది. ఇంట్లో ఉన్న బిందెలు వంటకు, తాగడానికే సరి. గుడ్డలు ఉతకడానికి అమ్మమ్మ రెండు వీధుల అవతల బోరు దగ్గరికి తిరుగుతోంది. ఆమె పోయినప్పుడు వంటా పొయ్యీ అక్క మీదే. బిడ్డ ఒంటి మీది నుంచి మంచం మీదికి దిగేది ఆ గంటల్లోనే.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా మెకానికల్ బ్రాంచి మిత్రుడు అన్నాడు: "బిడ్డకు కావలసింది వాళ్ళమ్మ. మనం ఇయ్యాల్సింది వాళ్ళమ్మకు రా."

జ్ఞానులు తెచ్చిన మూడు కానుకలు

క్రిస్మస్ కానుకల ఆనవాయితీకి మూలం మత్తయి సువార్తలోని తూర్పు దేశపు జ్ఞానులని చెబుతారు. వాళ్ళు తెచ్చినవి బంగారం, సాంబ్రాణి, బోళం. రాజు, దేవుడు, మరణం అని వాటికి ప్రసంగాల్లో అర్థాలు చెబుతారు. ఆ ఇంటి అవ్వ మాత్రం ఇంకో సంగతి చెప్పింది. "బోళం బాలింతల మందు గదా నాయనా. తెలిసినోళ్ళే తెచ్చినారు" అనింది. నిజమే, మన పల్లెల్లో బాలింతబోలు అనే మాట ఇప్పటికీ ఉంది. సాంబ్రాణి సంగతి చెప్పనే అక్కర్లేదు. (పొగ మాత్రం పసిబిడ్డకు పట్టవద్దని డాక్టర్లు అంటున్నారు, అది మరిచిపోకండి.) ఇక బంగారం ఏ ఇంటికైనా అక్కరకొస్తుంది. సువార్తలో ఆ తర్వాతి ఘట్టమే తల్లీబిడ్డలను తీసుకుని రాత్రికి రాత్రి ఐగుప్తుకు పోవడం.

అవ్వ మాట విన్నాక నేను ఇలా లెక్క వేసుకున్నాను: ఇంటికి కొంచెం డబ్బు, బిడ్డకు కొంచెం హాయి, బాలింతకు కొంచెం బలం. ఈ మూడింటిలో ఒక్కటైనా ఇస్తే మన కానుక పనికొచ్చినట్టే.

ప్రభుత్వాలూ ఇలాగే ఆలోచించాయి. ఫిన్లాండ్‌లో 1938లో పేద తల్లులకు బిడ్డ బట్టల పెట్టె ఇవ్వడం మొదలుపెట్టి, 1949 నుంచి అందరికీ ఇస్తున్నారు. గర్భిణి వేళకు వైద్య పరీక్షకు పోతేనే పెట్టె. ఖాళీ అయిన అట్టపెట్టెలోనే పక్క వేసి బిడ్డను పడుకోబెట్టేవారు. తెలంగాణలో 2017లో వచ్చిన కేసీఆర్ కిట్‌లో బిడ్డ సామాన్లతో పాటు తల్లికి చీరలు కూడా పెట్టారు. తల్లిని మరిచిపోకపోవడం అందులో నాకు నచ్చిన సంగతి.

మా రెండో కానుక

ఈసారి కొనేముందు అడిగాం. అక్కను అడిగితే "ఏమీ వద్దు" అంటుందని తెలుసు. అందుకే వాళ్ళమ్మకు ఫోన్ చేసి, "ఇంట్లో ఇప్పుడు దేనికి ఇబ్బందిగా ఉంది పెద్దమ్మా?" అని అడిగాం. కొంచెంసేపు మొహమాటపడి, "నీళ్ళు పట్టి పెట్టుకునేదానికి ఏమీ లేదు నాయనా" అనింది.

మూత గట్టిగా పట్టే నీలం డ్రమ్ము కొన్నాం. మూత ముఖ్యం, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. దానిలోనే మిగతావి సర్దాం: రెండు డజన్ల మెత్తటి నూలు గుడ్డలు, ముందువైపు ముడి వేసే చొక్కాలు నాలుగు, రెండు టోపీలు, సాక్సులు, అక్కకు వేరుశనగ చిక్కీ, నువ్వులుండలు. చొక్కాల్లో రెండు ఇప్పటికి సరిపోయేవి, రెండు ఆరు నెలల సైజువి. అందరూ పుట్టిన బిడ్డ సైజే తెస్తారు, రెండు నెలలకే అవి పొట్టి అవుతాయి. అన్నీ ఒకసారి ఉతికి ఎండబెట్టి, మిగిలిన డబ్బు కవర్లో పెట్టాం.

పల్లెవెలుగు బస్సులో కండక్టరు "డ్రమ్ముకు గూడా టికెట్ తీసుకోవల్ల మీరు!" అని ఆట పట్టించాడు. ఊర్లో దిగి ఇద్దరం మోసుకుపోతుంటే వీధంతా చూసింది. అవ్వ గడపలోనే "ఏం నాయనా, పెండ్లి సామాన్లు మాదిరి తెచ్చినారే!" అనింది. ఆ రోజు కుళాయి రాలేదు. మేమే బోరు నుంచి బిందెలతో మోసి డ్రమ్ము నింపాం. అక్క బిడ్డను ఒంటికి కట్టుకుని గడపలో కూర్చుని చూస్తూ ఉంది. లోపల నుంచి కేకు, కజ్జికాయలు వచ్చాయి.

మీరు పోయేటప్పుడు గుర్తుంచుకోవలసినవి

కొనేముందు ఇంట్లోవాళ్ళను అడగండి. "ఏం కావాలి?" అంటే మొహమాటపడతారు, "దేనికి ఇబ్బంది?" అంటే చెబుతారు. ఏం కొనాలో తేలకపోతే డబ్బు ఇవ్వండి. బిడ్డ చేతిలో నోటు పెట్టే ఆచారం మనకు ఉండనే ఉంది. బట్టలైతే నూలువి, పూసలు, గట్టి గుండీలు లేనివి చూడండి. జలుబు, దగ్గు ఉంటే పోకండి. పోయాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ముద్దులు పెట్టకండి, ఎక్కువసేపు కూర్చోకండి. కూర్చునే బదులు ఏదైనా ఒక పని చేసిపెట్టండి.

ఆ బిడ్డకు ఇప్పుడు ఏడాది నిండింది. డ్రమ్ము పట్టుకుని లేచి నిలబడుతోందట. మొన్న నా రూమ్మేట్ ఫోటో చూపించాడు. ఈ క్రిస్మస్‌కు ఏం తీసుకుపోవాలో ఇంకా నిర్ణయించుకోలేదు. ఈ రాత్రి పెద్దమ్మకు ఫోన్ చేయాలి.

అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు!