పదకొండుకు అందని కంప్యూటర్లు

విండోస్ 10కు మామూలుగా అందే ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. హైదరాబాద్ గచ్చిబౌలిలో మైక్రోసాఫ్ట్ క్యాంపస్ ఉన్నా, ఆ సంస్థ అధిపతి సత్య నాదెళ్ల బేగంపేటలో చదువుకున్నా మనకు మినహాయింపేమీ దొరకలేదు. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో అయ్యుండాలి. 2017కు ముందు కొన్న ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఈ గడప దగ్గరే ఆగిపోతాయి. హైటెక్ సిటీ ఆఫీసులకు కొత్తవి కొనడం పెద్ద సమస్య కాదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్ కొనే విద్యార్థికీ, చిన్న దుకాణదారుకీ మాత్రం అది భారమే. నా దృష్టిలో కంప్యూటర్ పాతదా కాదా అన్నది కొన్న తేదీని బట్టి తేలదు. దానికి భద్రతా అప్‌డేట్లు వస్తున్నాయా లేదా అన్నదే కొలత.

‘బాగానే పనిచేస్తోంది, ఎందుకు కదిలించడం?’ అంటారు. 2017 మేలో వన్నాక్రై రాన్సమ్‌వేర్ దాడి చేసిన రోజు ఉదయం దాకా దెబ్బతిన్న కంప్యూటర్లూ బాగానే పనిచేశాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కాయి. 2014లోనే మద్దతు ఆగిన విండోస్ ఎక్స్‌పీ మీద అందరూ నింద వేశారు గానీ, ప్రపంచవ్యాప్తంగా ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 యంత్రాలని సైబర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ తేల్చింది. అప్పటికి విండోస్ 7కు మద్దతు ఉంది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లే నష్టపోయారు. వచ్చిన అప్‌డేట్ వేసుకోకపోతేనే అంత నష్టమైతే, అసలు రావడమే ఆగిపోయిన యంత్రం సంగతి వేరే చెప్పాలా?

విండోస్ మార్చేటప్పుడు పాతదాని మీదే కొత్తది ఎక్కిస్తే ఫైళ్లూ, ప్రోగ్రాములూ అలాగే ఉంటాయి. ఏళ్ల తరబడి చేరిన చెత్త, క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో దూరిన వైరస్ కూడా అలాగే మిగలొచ్చు. సెకండ్ హ్యాండ్ యంత్రమైతే డిస్కు మొత్తం చెరిపి మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయడమే మేలు. సొంతదైతే ముందు ఫొటోలు, పత్రాలు వేరే డిస్కులోకి కాపీ చేసుకుని, ఆ కాపీలు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవాలి. అదే పనిలో పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయిస్తే ల్యాప్‌టాప్ వేగం వెంటనే తెలుస్తుంది.

అర్హత తనిఖీని తప్పించి విండోస్ 11నే ఎక్కించే దారులు లేకపోలేదు. కానీ అలాంటి యంత్రాలకు అప్‌డేట్ల హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అప్‌డేట్ల కోసం చేసే పని అప్‌డేట్లకే హామీ లేకుండా ముగిస్తే ఏం లాభం? దానికి బదులు ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నాయి. వాటికి ఖర్చు లేదు, తెలుగు టైపింగూ ఉంది. బ్రౌజింగ్, చదువు, ఉత్తరాలకు అవి సరిపోతాయి. ట్యాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే దుకాణానికి మాత్రం సరిపోవు, ఎందుకంటే ట్యాలీ విండోస్ కోసం చేసినది. అలాంటివారు విండోస్ 10 భద్రతా అప్‌డేట్ల పొడిగింపు పథకంలో చేరి, 2026 అక్టోబర్ 13 వరకు దొరికే వ్యవధిలో కొత్త యంత్రానికి డబ్బు కూడబెట్టుకోవచ్చు. ఆ పాత ల్యాప్‌టాప్‌ను తర్వాత లినక్స్‌తో ఇంట్లో పిల్లల చదువుకు వాడుకోవచ్చు.