నల్లని సారెపై లేచిన ధార

కార్తికమాసపు రాత్రివేళ మియాపూరులో నిలిచి కృత్తికలను వెదకువానికి అవి దొరకుటయే కష్టము. మెట్రో స్టేషను దీపములు, ముంబయి రహదారిపై వాహనముల వెలుగులు, ఎత్తైన మేడల కాంతులు కలసి నగరముపై ఒక మసక తెరను కప్పినవి. ఆ తెరకు ఆవల, కృత్తికలకు ఉత్తరముగా, పెర్సియస్ రాశిలో ఎన్.జి.సి. 1275 అను గెలాక్సీ యున్నది. దాని దూరము సుమారు 23 కోట్ల కాంతి సంవత్సరములు. నగరదీపము లన్నియు ఆర్పివేసినను అది వట్టి కంటికి అగపడదు. ఐనను దానికిని హైదరాబాదునకును నేడొక చుట్టరికము కలిసినది.

ఆ చుట్టరికమును కలిపినది 21 మీటర్ల వ్యాసము గల ‘మేస్’ అను దూరదర్శిని. భాభా అణు పరిశోధనా కేంద్రము వారు తలపెట్టగా, మియాపూరునకు నగరపు ఆవలి దిక్కున నున్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ దీని నిర్మాణమునకు పూనుకొన్నది. 2014లో ఇది హైదరాబాదు నుండి లడఖ్‌లోని హాన్లేకు తరలినది. సముద్రమట్టమునకు దాదాపు 4,270 మీటర్ల ఎత్తున నిలిచిన ఈ యంత్రమునకు 2024 అక్టోబరు 4న ప్రారంభోత్సవము జరిగినది. అంతకు ముందే, 2022 డిసెంబరులోను 2023 జనవరిలోను, ఎన్.జి.సి. 1275 నుండి వెలువడిన తీవ్రమైన గామా కిరణములను ఇది పట్టుకొన్నది. ఆ కిరణములు నేలకు దిగవు. వాయుమండలమును తాకి, సెకనులో వందకోట్లవ వంతులతో కొలువదగిన కాలము మాత్రమే నిలుచు నీలికాంతిని పుట్టించును. ఆ మెఱుపే ఈ యంత్రపు అద్దములకు చిక్కునది.

ఇంతటి శక్తి ఎక్కడిది? రేడియో గెలాక్సీల నడిబొడ్డున కోట్లకొలది సూర్యుల బరువు గల కృష్ణబిల ముండును. చుట్టునున్న వాయువు సుడిగా తిరుగుచు దానివైపు జారుచుండును. జారిన దంతయు లోపలికి పోదు. కొంత భాగము ఎదురెదురు దిక్కులకు రెండు ధారలుగా, కాంతివేగమునకు చేరువైన వేగముతో ఎగజిమ్మును. ఈ ధారలు రేడియో తరంగములను వెదజల్లుట చేతనే ఆ గెలాక్సీలకు ఆ పేరు. 1918లో హెబర్ కర్టిస్ అను అమెరికా జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు ఎం 87 నుండి సూటిగా వెలువడు కాంతిరేఖ నొకదానిని గుర్తించెను. అది ఇట్టి ధారయే యని తరువాత తేలినది.

అన్నిటిని మ్రింగునది ధారను ఎట్లు చిమ్మును? చిమ్మిన ధార వేలాది కాంతి సంవత్సరములు చెదరక ఎట్లు సాగును? మొదటి ప్రశ్నకు రెండు సమాధానములు కలవు. తిరుగుచున్న కృష్ణబిలమే అయస్కాంత రేఖలను త్రాడువలె పేని, తన భ్రమణశక్తిని ధారకు ధారపోయునని 1977లో బ్లాండ్‌ఫోర్డ్, జ్నాజెక్ అనువారు చెప్పిరి. చుట్టు తిరుగు వాయుచక్రము నుండియు ధార లేవవచ్చునని 1982లో ఆ బ్లాండ్‌ఫోర్డే పేయిన్ అను నతనితో కలసి చూపెను.

రెండవ ప్రశ్నకు సమాధానము మన కుమ్మరి వాకిట దొరకును. సారె తిరుగనిదే మన్ను లేవదు. కాని సారె యొక్కటే కుండను చేయదు. లేచుచున్న మన్నును అదిమిపట్టి చేయి రూపము దిద్దును. ఇచట సారె కృష్ణబిలమును, దాని చుట్టునున్న చక్రమును. పేనుకొన్న అయస్కాంత రేఖలు ధారను బిగించు పట్టు. వెలుపలి చేయి, ధారను ఆవరించిన వాయువుయొక్క ఒత్తిడి.

ఆ చేతి గుర్తు ఎం 87లో తేటగా కనబడును. అసాడా, నకమురా అను శాస్త్రజ్ఞులు 2012లో ప్రకటించిన కొలతల ప్రకారము, అచటి ధార మొదట పరావలయాకృతిలో, అనగా పోనుపోను విప్పారుట తగ్గుచు సాగును. కృష్ణబిలపు వ్యాసార్ధమునకు లక్ష రెట్లకు మించిన దూరము పోయిన పిమ్మట, చేయి వదలినట్లుగా, గరాటువలె విచ్చుకొనును. పరిసర వాయువుపై కృష్ణబిలపు ఆకర్షణ పెత్తనము చేయు ఎల్లయు ఆ చేరువనే యున్నది.

ఎన్.జి.సి. 1275 కథ వేరు. భూమిపైనున్న రేడియో దూరదర్శినులను, రష్యావారు 2011లో పంపిన రేడియోఆస్ట్రాన్ ఉపగ్రహమును ఒక్కటిగా కూర్చి 2013లో చేసిన పరిశీలన ఫలితములు 2018లో వెలువడినవి. వానిలో ధార ఇంచుమించు స్తంభమువలె, వెడల్పు పెద్దగా మారకయే సాగుచున్నది. 2003 ప్రాంతమున క్రొత్తగా మొదలైన ఈ ధార తాను కల్పించుకొన్న వేడి కోశములో చిక్కియున్నదనియు, ఆ కోశపు ఒత్తిడి దూరముతో అంతగా తగ్గకుండుటచే ఈ రూపము వచ్చినదనియు పరిశోధకుల ఊహ. ఇంతకంటె వింత దాని మొదలు. బయలుదేరిన చోటికి ఎంత దూరమున చూచిరో, అంతకు మించిన వెడల్పు అప్పటికే ధారకున్నది! ఇది వెడల్పైన చక్రము నుండియే లేచినదా, లేక బిలము చెంత లేచి వెంటనే విప్పారినదా యనునదే నేటి వివాదము.

ఈ వివాదము వట్టి వినోదము కాదు. ఈ గెలాక్సీ చుట్టునున్న వేడి వాయువులో ధారలు ఊదిన బుడగలు ఎక్స్‌రే చిత్రములలో కనబడినవి. మన చంద్రశేఖరుని పేరు దాల్చిన చంద్ర దూరదర్శిని అందు ధ్వనితరంగములను సైతము కనుగొన్నదని 2003లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ధారలు ఇట్లు వేడి నింపకున్న, ఆ వాయువు చల్లారి లోనికి జారి విరివిగా నక్షత్రములను కనియుండెడిది. సన్నని ధార తన శక్తిని దూరమునకు మోయును. విచ్చుకొన్న ధార దగ్గఱనే పంచిపెట్టును. కావున ధార ఏ రూపము దాల్చునను ప్రశ్న, గెలాక్సీలో ఎన్ని సూర్యులు పుట్టవలెనను ప్రశ్నతో ముడివడినది.

సారె ధారను లేపుచున్నది. వాయువు దానిని దిద్దుచున్నది. ధార తిరిగి ఆ వాయువునే వేడిచేసి దాని పట్టును మార్చుచున్నది. ఇందు ఏ ఒక్కటియు తానే కర్తనని చెప్పుకొనజాలదు. ఆ ధార మరల మండిననాడు దాని కాంతిని పట్టుటకు, హైదరాబాదు పనివారి చేతులు బిగించిన ఉక్కు చట్రమొకటి హాన్లే చీకటిలో కాచుకొని యున్నది.