మీకు తెలుసా? పాలు వద్దంటే నెత్తళ్ళున్నాయి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల గేదెపాలలో ఉండేది సుమారు 120. పాలు తోడుకుని పెరుగైనా ఆ కాల్షియం ఎక్కడికీ పోదు. గ్లాసు చూడగానే మొహం తిప్పేసే బుడ్డోడే పెరుగన్నం మూతి నిండా పూసుకుని తింటాడు, చూడండి.

నిజాంపట్నం మండలంలోని అడవులదీవి లాంటి ఊళ్లకు రేవు చేప దూరమేం కాదు. చేపలో కాల్షియం ఎక్కువగా ఉండేది కండలో కాదు, ముల్లులో. పెద్ద చేప ముల్లు తీసి పారేస్తాం, దాంతో కాల్షియమూ పోతుంది. నెత్తళ్ళనైతే ముల్లుతో సహా తింటాం. పసివాళ్లకు తల తీసి, మెత్తగా ఉడికించి, వేళ్లతో నలిపి, గుచ్చుకునేదేమీ లేదని చూసుకున్నాకే అన్నంలో కలపాలి. ఎండువి వద్దు, ఉప్పెక్కువ.

వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, నువ్వుల్లో వెయ్యికి పైనే. నువ్వులు గింజగా మింగితే చాలావరకు అలాగే బయటికొస్తాయి. వేయించి పొడి కొట్టి, చిన్న చెంచాడు ఇడ్లీ మీద చల్లండి. పాలకూర పేరులోనే పాలు: అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు.