ఫిషర్ ఎందుకు మానదు? ఎలా మానుతుంది?

విరేచనానికి వెళ్ళాలంటేనే భయం. వెళ్ళేటప్పుడు గాజుపెంకుతో కోసినట్టు నొప్పి, ఆ తర్వాత గంటల తరబడి మంట, మలం మీద ఎర్రటి రక్తపు చార. చాలామంది దీన్ని మొలలనుకుని, సిగ్గుతో ఎవరికీ చెప్పుకోకుండా నెలలు గడిపేస్తారు. లోపలి మొలలతో రక్తం పడినా సాధారణంగా నొప్పి ఉండదు. ఇంత నొప్పి ఉందంటే అది ఫిషర్, అంటే మలద్వారం అంచున చర్మం చీలడం, కావడానికే అవకాశం ఎక్కువ.

గట్టిపడిన మలం, ముక్కడం, ఒక్కోసారి వదలని విరేచనాలు, కాన్పు ఈ చీలికకు కారణమవుతాయి. చీలిక చిన్నదే అయినా తొందరగా మానకపోవడానికి కారణం దాని అడుగునున్న కండరం. మలద్వారం చుట్టూ రెండు కండరాల వలయాలుంటాయి. బయటిది మన మాట వింటుంది. లోపలిది మన ప్రమేయం లేకుండా ఎప్పుడూ కొంత బిగువుగానే ఉంటుంది. నొప్పి పుడితే ఇంకా బిగుసుకుంటుంది. ఎక్కువ మందికి చీలిక వచ్చేది వెనక వైపు మధ్యలో. అక్కడికి రక్తసరఫరా మామూలుగానే తక్కువ. కండరం బిగుసుకునే కొద్దీ అక్కడ రక్తప్రసరణ తగ్గుతుందని 1994లో నెదర్లాండ్స్ వైద్యులు కొలిచి చూపించారు. రక్తం అందని గాయం మానదు. నొప్పికి జడిసి విరేచనం ఆపుకుంటే పెద్దపేగు మలంలోని నీటిని ఇంకా పీల్చేస్తుంది. గట్టిపడిన మలం మళ్ళీ అదే చోట చీలుస్తుంది.

కాబట్టి వైద్యం రెండు పనులు చేయాలి: మలాన్ని మెత్తబరచాలి, కండరాన్ని సడలించాలి. రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు అందేలా జొన్నరొట్టె, ఆకుకూరలు, పప్పులు, జామకాయ తినాలి. పీచును కొద్దికొద్దిగా పెంచాలి, దానికి తగ్గట్టు నీళ్ళు తాగాలి. చాలకపోతే ఇసబ్గోల్ వేసుకోవచ్చు. విరేచనం తర్వాత తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోసుకుని 10, 15 నిమిషాలు కూర్చుంటే బిగువు తగ్గుతుంది. కమోడ్ మీద ఫోన్ పట్టుకుని కూర్చోకూడదు. కొత్త ఫిషర్లలో దాదాపు సగం ఈ జాగ్రత్తలతోనే మానతాయి.

6 నుంచి 8 వారాలు దాటినా మానకపోతే దీర్ఘకాలిక ఫిషర్ అంటారు. అప్పుడు వైద్యులు నైట్రోగ్లిజరిన్ లేదా డిల్టియాజెమ్ పూతమందు రాస్తారు. నైట్రోగ్లిజరిన్ నుంచి పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ కండరాన్ని సడలిస్తుంది. రక్తనాళాల్లో ఈ వాయువు పాత్రను కనుగొన్నందుకే 1998లో వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు. నైట్రోగ్లిజరిన్ పూతతో తలనొప్పి రావచ్చు. అంగస్తంభన మందైన సిల్డెనాఫిల్ వాడేవారు దీన్ని అసలు వాడకూడదు. డిల్టియాజెమ్‌తో తలనొప్పి తక్కువ. నొప్పి తగ్గగానే మందు ఆపేయడం మనం తరచుగా చేసే పొరపాటు. లోపల గాయం ఇంకా పచ్చిగానే ఉంటుంది. వైద్యులు చెప్పిన వారాలు పూర్తిగా వాడాలి.

వీటికీ లొంగకపోతే బోటాక్స్ ఇంజెక్షన్, లేదా లోపలి కండరాన్ని కొద్దిగా కోసి బిగువు తీసే చిన్న శస్త్రచికిత్స ఉన్నాయి. శస్త్రచికిత్సతో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా నయమవుతుంది. కొద్దిమందిలో గ్యాస్ మీద పట్టు తగ్గవచ్చు కనుక ముందే అడిగి తెలుసుకోవాలి.

జ్వరం, చీము, బరువు తగ్గడం, పక్కవైపు చీలిక, ఆగని రక్తం ఉంటే ఆలస్యం చేయొద్దు. వీటికి కారణం పేగులకు వచ్చే క్రోన్స్ వ్యాధి, క్షయ, క్యాన్సర్ కావచ్చు. మొలలకు ఇంజెక్షన్ వేస్తామనే అర్హత లేనివారి దగ్గరికి కాక, సర్జన్ దగ్గరికి వెళ్ళండి. రోజూ ఇలాంటి రోగులను చూసే సర్జన్ ముందు సిగ్గుపడాల్సిందేమీ లేదు. మొదటి వారాల్లోనే చెబితే కత్తి అవసరం చాలామందికి రాదు.