ఎనభై ఒక్క మీటర్ల ఆదివారం

మారిషస్ అనగానే మన కళ్ల ముందు మెదిలేది హనీమూన్ ప్యాకేజీ కరపత్రం మీది బొమ్మ. తెల్లటి ఇసుక, పక్కపక్కనే రెండు పడక కుర్చీలు, మనిషి జాడ లేని నీలి సముద్రం. బొమ్మ నిజమైనదే. కానీ ఆ దీవిలో పుట్టిపెరిగినవాళ్లు సముద్రానికి ఎలా వెళ్తారో చూడాలంటే ఆదివారం పొద్దున పడమటి తీరాన ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో నిలబడాలి. ఎండ ముదరకముందే లోపలి ఊళ్ల నుంచి అద్దె బస్సులు వచ్చి సరుగుడు తోపు వెంబడి ఆగుతాయి. బస్సుకో వీధి మొత్తం దిగుతుంది. ముందు చాపలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఐసు పెట్టెలు. వాటి వెనకే ఇద్దరు పట్టుకుంటే గాని లేవని బిర్యానీ డేగిశా. రెండు చెట్లకు దుప్పటి కట్టి నీడ చేస్తారు. తాతలు డామినో బిళ్లలు పరుస్తారు, పిల్లలు నీళ్లలోకి పరుగు తీస్తారు. సాయంత్రం దాకా ఇక ఆ చెట్టు కిందే ఇల్లు.

ఈ ఆదివారం ఇలా సాగడానికి వెనక ఓ పాత కొలత ఉంది. మారిషస్‌ను డచ్చివాళ్లు 1598లో చేరారు, ఫ్రెంచివాళ్లు 1715లో తమదన్నారు, బ్రిటిష్‌వాళ్లు 1810లో గెలుచుకున్నారు. ఫ్రెంచి పాలన చివరి రోజుల్లో, 1807లో, గవర్నర్ జనరల్ దెకాన్ ఓ శాసనం చేశాడు. పోటు నీళ్లు వచ్చే గీత నుంచి లోపలికి యాభై అంగల నేల రాజ్యానిదే, దాన్ని ఎవరూ సొంతం చేసుకోరాదు అని దాని సారం. సర్వేవాళ్ల అంగ ఒక్కోటి ఐదు ఫ్రెంచి అడుగులు. లెక్క వేస్తే 81.21 మీటర్లు. అప్పట్లో దాని అవసరం ఫిరంగి గట్లకు, తీర రక్షణకు. తెల్లవాళ్లు మారారు, జెండాలు మారాయి, 1968లో దేశం స్వతంత్రమైంది. ఆ పట్టీ మాత్రం మారలేదు. నేటికీ అది ప్రభుత్వ భూమే. హోటళ్లైనా, సంపన్నుల బీచ్ బంగళాలైనా అందులో కౌలుదారులే. హోటల్ ముందున్న ఇసుకలో సైతం నీటి గీత వెంట ఎవరైనా నడిచిపోవచ్చు. పబ్లిక్ బీచ్‌లుగా ప్రకటించిన చోట్లు వందకు పైగా ఉన్నాయి. వాటి ఆలనాపాలనా చూడటానికి 2002లో బీచ్ అథారిటీ అని ఓ సంస్థనే పెట్టారు. యుద్ధం కోసం గీసిన గీత పిక్నిక్‌కు పనికిరావడం చూసి నాకెంతో ముచ్చటేసింది.

ప్రధాన దీవి విస్తీర్ణం 1,865 చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు పన్నెండు లక్షలు. ఎనభై లక్షల ఏళ్ల కిందట సముద్రగర్భం నుంచి లేచిన అగ్నిపర్వతం ఇది. రాయి నల్లది. ఇసుక మాత్రం తెల్లన. కారణం, ఆ ఇసుక రాతిపొడి కాదు. పగడాలు, గవ్వలు, ఆలుచిప్పలు అరిగి రాలిన పొడి. పగడాన్ని పళ్లతో గీరి తినే చిలకచేపలు విసర్జించేది కూడా అందులో ఓ పాలు. దీవి చుట్టూ సుమారు 150 కిలోమీటర్ల పగడపు గట్టు ఉంది. దాని లోపలి నిలకడ నీళ్ల విస్తీర్ణం 243 చదరపు కిలోమీటర్లు. ఒడ్డున నిలబడి చూస్తే దూరంగా తెల్లటి నురగ గీత కనిపిస్తుంది. హిందూ మహాసముద్రం అక్కడే విరిగిపోతుంది. ఇవతల నీళ్లు పిల్లల మోకాళ్లు, నడుముల దాకా. ఆటుపోట్ల తేడా మీటరు కూడా ఉండదు. మన తీరంలో కెరటం కాళ్లు లాగేస్తుందని పిల్లల చెయ్యి వదలని తల్లులు ఇక్కడి తల్లుల నిశ్చింత చూస్తే ఆశ్చర్యపోతారు.

మన వైపు నుంచి వెళ్లినవాళ్లకు ఇంకో వింత కూడా ఎదురవుతుంది. దీవి భూమధ్యరేఖకు దక్షిణాన ఇరవయ్యో అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏడాదిలో దాదాపు పది నెలలు మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. నీడ ఎటు పడుతుందో చూసి దిక్కు పోల్చుకునే అలవాటున్నవాళ్లు తికమకపడతారు. రుతువులూ తలకిందులే. మనకు ఉక్కపోసే జూన్, జులైలు వాళ్ల చలికాలం. ఆ నెలల్లో ఆగ్నేయపు గాలి తూర్పు తీరాన్ని కొడుతుంది. ఆ తీరంలోని బెల్ మార్ ఇసుకలో స్వెట్టర్లు కనిపిస్తే, అదే పూట కొండల చాటునున్న పడమటి తీరంలో పిల్లలు ఈతలాడుతుంటారు.

పగడపు గట్టు అన్నిచోట్లా లేదు. దక్షిణాన సుయ్యాక్ ఊరి దగ్గర గ్రిగ్రీ అనే చోట అది తెగిపోతుంది. అంటార్కిటికా దాకా అడ్డులేని సముద్రం నేరుగా వచ్చి నల్లరాతి గోడను ఢీకొంటుంది. పొడుచుకొచ్చిన ఓ బండ మీద నుంచి నీళ్లు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి. ఏడ్చే బండ అని దానికి పేరు. అక్కడ ఎవరూ నీళ్లలో దిగరు. గట్టు చేసే మేలు ఏమిటో పుస్తకం చదవకుండా తెలుసుకోవాలంటే ఈ ఒక్క చోటు చూస్తే చాలు.

మధ్యాహ్నానికి ఆకలి. డేగిశా తెచ్చుకోనివాళ్లకు తీరం వెంబడి బళ్లు ఉంటాయి. ముందు వరస ధోల్ పూరీది. ఉడికించిన పప్పును పసుపు, జీలకర్రతో పొడిపొడిగా రుబ్బి, పిండి ఉండలో కూరి, పల్చగా వత్తి పెనం మీద కాల్చిన రొట్టె. ఎప్పుడూ జతగానే అమ్ముతారు. ఒకదానిపై ఒకటి పరిచి, చిక్కుడు గింజల కూర, టమాటా రుగాయ్, ఓ చెంచా పచ్చడి వేసి కాగితంలో చుట్టిస్తారు. బిహారు కూలీలు తెచ్చిన వంట ఇది. ఇవాళ అన్ని మతాలవాళ్లూ నిలబడి తినే తిండి. పక్క బండిలో పచ్చిమిర్చి దట్టించిన పప్పు వడలు. ఆ పక్కన అనాస. అనాస బండివాడి చేతిపని కాసేపు ఆగి చూడదగ్గది. కాయను తొడిమ దగ్గర పట్టుకుని తోలు తీసి, మిగిలిన కళ్లను ఒక్కొక్కటిగా తవ్వకుండా, వాలుగా చుట్టూ కత్తి తిప్పుతూ గాళ్లు కోస్తాడు. కళ్లన్నీ వరసకు వరస ఊడి వస్తాయి. ముక్కలు చేసి ఉప్పు, కారం, చింతపండు నీళ్లు పోసి సంచిలో కుదిపి ఇస్తాడు. ఉప్పుగాలిలో ఆ కారం నాలుకను పట్టుకుని వదలదు.

ఇక్కడ మన కథ ఒకటి కలుస్తుంది. రాజధాని పోర్ట్ లూయీ రేవులో ఆప్రవాసీ ఘాట్ అనే చోట పదహారు రాతిమెట్లు ఉన్నాయి. బానిసత్వం రద్దవుతున్న రోజుల్లో చెరకు తోటలకు మనుషులు కావలసివచ్చి, 1834 నవంబరు 2న 36 మంది భారతీయులను అట్లాస్ అనే ఓడ ఇక్కడికి చేర్చింది. 1920 దాకా దాదాపు 5 లక్షల మంది ఒప్పంద కూలీలు ఈ దీవికి వచ్చారు. వారిలో గోదావరి, ఉత్తరాంధ్ర జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. కాకినాడ పక్కనున్న కోరంగి అప్పట్లో పెద్ద రేవు. 1843లో కోరంగి ప్యాకెట్ అనే ఓడ అక్కడి నుంచే మనవాళ్లను తెచ్చింది. తోట దాటి పోవాలన్నా చేతిలో పాసు ఉండాల్సిన బతుకులు వాళ్లవి. చెరకు మడి చివర సముద్రం కనిపిస్తున్నా వెళ్లేందుకు స్వేచ్ఛ లేదు. వాళ్ల మునిమనవలు ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా క్రియోల్. అయినా సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామభజనం వదల్లేదు. ఉగాది ఆ దేశంలో జాతీయ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది అక్కడే. ఇక కార్తీక పౌర్ణమి నాడు ఈ పిక్నిక్ బీచ్‌లే స్నానఘట్టాలవుతాయి. గంగాస్నానం అని పిలిచే ఆ పండక్కి వేలమంది పూలు, పళ్లు, దీపాలతో వచ్చి ఒడ్డునే పూజ చేసి మునుగుతారు.

ఎండ వాలాక ఎక్కడో చిన్న మంట రాజుకుంటుంది. ఎండు కొబ్బరాకులు వేసి, దాని మీద రవాన్ అనే వెడల్పాటి మేకతోలు వాద్యాన్ని తిప్పుతూ కాస్తారు. సముద్రగాలికి మెత్తబడిన తోలు వేడికి బిగుసుకుని గొంతు విప్పుతుంది. మన డప్పు వాయించేవాళ్లు చితుకుల మంట దగ్గర చేసే పని అచ్చం ఇదే. వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టి విని, మళ్లీ కాస్తారు. మోత కుదిరాక సెగా మొదలవుతుంది. పాదాలు ఇసుక విడవకుండా నడుముతో ఆడే ఆట ఇది. ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి పట్టుకొచ్చిన బానిసలది ఈ పాట. 2014లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వంలో చేర్చింది. నైరుతి మూలన నిలబడ్డ 556 మీటర్ల లె మోర్న్ కొండ కూడా వాళ్లదే. తోటల నుంచి పారిపోయినవాళ్లు ఆ కొండ మీద తలదాచుకున్నారు. ఇప్పుడు దాని పాదం దగ్గర ఖరీదైన హోటళ్లు ఉన్నాయి, గాలిపటం కట్టుకుని అలల మీద జారే కుర్రాళ్లు ఉన్నారు. అక్కడికి వెళ్లినవాళ్లు కొండ కింద ఉన్న బానిసల స్మారకం ముందు కూడా ఓ పది నిమిషాలు ఆగాలి.

తీరమంటే ఆదివారమే కాదు. మిగతా రోజుల్లో అది జాలరులది. తెల్లవారకముందే చెక్క పడవల్లో గట్టు దాకా వెళ్లి, అల్లిన బుట్ట బోనులు నీళ్లలో దించి వస్తారు. వాతావరణం బాగోక వేటకు వెళ్లలేని రోజులకు నమోదైన జాలరులకు ప్రభుత్వం భత్యం ఇస్తుంది. ఇక్కడ ఆక్టోపస్ కూరంటే ప్రాణం పెడతారు. తూర్పున 560 కిలోమీటర్ల దూరంలో ఇదే దేశానికి చెందిన రోడ్రిగ్స్ దీవిలో ఆడవాళ్లు ఇనప ఊచ పట్టుకుని, పోటు తగ్గిన లోతులేని నీళ్లలో నడుస్తూ వాటిని పొడిచి పడతారు. దొరికేవి ఏటేటా చిన్నవైపోతుంటే 2012లో అక్కడ కొన్ని వారాలు వేట ఆపారు. ఆక్టోపస్ ఆయుష్షు తక్కువ, ఎదుగుదల వేగం. కొద్ది వారాలు వదిలేస్తే చాలు, బరువు బాగా పెరుగుతుంది. ఫలితం కనిపించడంతో 2016 నుంచి మారిషస్ అంతటా ఆగస్టు 15 నుంచి అక్టోబరు 15 దాకా నిషేధం పెట్టారు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపడం వెనక ఉన్న లెక్కా ఇలాంటిదే.

ఈ తీరాన్ని వాళ్లెంతగా తమదనుకుంటారో లోకానికి 2020లో తెలిసింది. ఆ ఏడాది జులై 25న వాకాషియో అనే భారీ సరకు నౌక ఆగ్నేయ తీరంలో పగడపు గట్టు మీదికెక్కింది. ఆగస్టు 6న దాని ట్యాంకు పగిలి దాదాపు వెయ్యి టన్నుల చమురు నీళ్లలోకి కారింది. మాయెబూర్ రేవుకు జనం వేలల్లో వచ్చారు. చెరకు ఆకును, చెత్తను గుడ్డ సంచుల్లో కూరి, తేలడానికి ఖాళీ సీసాలు కట్టి, కిలోమీటర్ల పొడవున తెట్టును ఆపే తాళ్లు చేశారు. నూనెను పీలుస్తుందని కొందరు జుట్టు కత్తిరించి ఇచ్చారు. ఏ చెరకు కోసం వాళ్ల ముత్తాతలను ఓడలెక్కించారో ఆ చెరకు ఆకే అప్పుడు ఆదుకుంది.

అపాయం తీరిపోలేదు. లోపలి నీళ్లలో ఇసుక తవ్వడాన్ని 2001లోనే ఆపేశారు. ఇళ్లకు నల్లరాయి దంచిన ఇసుకే వాడుతున్నారు. అయినా సముద్రం వేడెక్కిన ఏళ్లలో పగడాలు రంగు కోల్పోయి చచ్చిపోతున్నాయి. గట్టు బలహీనపడిన చోట అల లోపలికొచ్చి ఒడ్డును కోస్తోంది. ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లోనే వేర్లు బయటపడ్డ సరుగుడు చెట్లు, వాటి ముందు రాళ్లు నింపిన వైరు బుట్టలు కనిపిస్తాయి. నీటి గీత లోపలికి జరిగేకొద్దీ ఇవతల రోడ్డు, ఇళ్లు అడ్డం కాబట్టి జనానికి మిగిలే ఇసుక సన్నబడుతుంది. కొత్త హోటళ్లకు కౌలు ఇచ్చినప్పుడల్లా అక్కడి జనం గొడవ చేయడానికి కారణం ఇదే. వాళ్ల వైపే న్యాయం ఉందని నా నమ్మకం.

వెళ్లాలనుకునేవారికి: ముంబయి, దిల్లీల నుంచి నేరుగా విమానాలున్నాయి, ముంబయి నుంచి ప్రయాణం సుమారు ఆరు గంటలు. భారతీయులకు పర్యాటక వీసా దిగాకే, రుసుము లేకుండా ఇస్తారు. తిరుగు టికెట్టు, బస వివరాలు చేతిలో ఉంచుకోవాలి. గడియారం మనకంటే గంటన్నర వెనక. మే నుంచి నవంబరు దాకా హాయిగా ఉంటుంది. తుపానులు ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్య వస్తాయి. అప్పుడు రేడియోలో ఒకటి నుంచి నాలుగు దాకా హెచ్చరిక అంకెలు చెబుతారు, మూడు అన్నారంటే గది దాటకూడదు. పగడపు నీళ్లలో ముళ్ల జీవులు, విషపు రాతిచేపలు ఉంటాయి కాబట్టి రబ్బరు బూట్లు వేసుకుని దిగండి. విమానాశ్రయానికి దగ్గరలోని బ్లూ బే మెరైన్ పార్కులో అడుగున అద్దం ఉన్న పడవలెక్కి పగడాలను పైనుంచే చూడొచ్చు. ప్రతి పెద్ద బీచ్‌కూ సిటీ బస్సు వెళ్తుంది. విద్యార్థులకు, వృద్ధులకు 2005 నుంచి అక్కడ బస్సు ఉచితం కావడంతో బామ్మలే గుంపులుగా బయల్దేరుతుంటారు. చీకటిపడ్డాక బస్సులు బాగా తగ్గిపోతాయి, వేళ చూసుకోండి. హోటల్ ఇసుకలో ఎన్నాళ్లున్నా సరే, ఒక్క ఆదివారాన్ని మాత్రం పబ్లిక్ బీచ్‌కు అట్టిపెట్టండి. మీరు తెలుగువాళ్లని తెలిస్తే పక్క చాప మీద నుంచి మీకూ ఓ కంచం బిర్యానీ రావచ్చు, కాదనకండి.