ఎండల్లోనే తేలే ఫ్యాను సత్తా

సికింద్రాబాద్: ప్యారడైజ్ కూడలికి సమీపాన పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ) కంప్యూటర్ విడిభాగాలకు పెట్టింది పేరు. ఇక్కడ ప్రాసెసర్, మదర్‌బోర్డుల ఎంపికకు గంటల తరబడి దుకాణాలు తిరిగే కొనుగోలుదారులు, ప్రాసెసర్‌పై బిగించే హీట్‌సింక్, ఫ్యాను విషయంలో మాత్రం పెట్టెపై రాతలను నమ్మి ఊరుకుంటారు. వేడిని బట్టి తానే వేగం మార్చుకునే ఫ్యాను అన్నది ఆ రాతల్లో తరచు కనిపించే మాట. గుణం మంచిదే. అయితే ఆ ఫ్యాను ఏ వేడిని, ఎక్కడ కొలుస్తోందన్న దానిపైనే ప్రయోజనమంతా ఆధారపడి ఉంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే జంటనగరాల్లో ఈ తేడా స్పష్టంగా బయటపడుతుంది.

ప్రాసెసర్ వాడుకునే విద్యుత్తు దాదాపు అంతా వేడిగా మారుతుంది. అల్యూమినియం లేదా రాగి రెక్కలున్న హీట్‌సింక్ ఆ వేడిని లాగి విస్తరింపజేస్తే, ఫ్యాను గాలి దానిని మోసుకుపోతుంది. ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి ప్రవాహం కూడా సగమవుతుంది. శబ్దం మాత్రం సుమారు 15 డెసిబెల్స్ మేర పడిపోతుంది. అవసరం లేనప్పుడు వేగం తగ్గించాలన్న ఆలోచనకు మూలం ఇదే.

గాలిని కొలిచేవి.. చిప్‌ను కొలిచేవి

తొలినాళ్లలో వచ్చిన ఇలాంటి ఫ్యాన్లలో పలు రకాలకు మధ్యభాగంలో థర్మిస్టర్ అనే చిన్న పరికరం ఉండేది. అది కొలిచేది ప్రాసెసర్ వేడిని కాదు, క్యాబినెట్‌లో ఫ్యానుకు తగిలే గాలి వేడిని. 2004లో 775 సాకెట్‌తో వచ్చిన పెంటియం-4 పెట్టెలోని ఫ్యాను, థర్మిస్టర్ ఆధారంగా నడిచినప్పుడు 30 డిగ్రీల లోపు గాలిలో కనిష్ఠ వేగంతోను, సుమారు 38 డిగ్రీలకు చేరితే గరిష్ఠ వేగంతోను తిరిగేది. చల్లని దేశాల్లో ఈ అమరిక చక్కగా పనిచేస్తుంది. ఏసీ లేని సికింద్రాబాద్ గదిలో వేసవి మధ్యాహ్నం క్యాబినెట్ లోపలి గాలి 38 డిగ్రీలను ఎప్పుడో దాటి ఉంటుంది. కంప్యూటర్ ఖాళీగా ఉన్నా ఫ్యాను హోరు ఆగదు. డబ్బు పెట్టి కొన్న ఆ నిశ్శబ్దం శీతకాలానికే పరిమితమన్నమాట.

అదే ఫ్యానుకు నాలుగు తీగల ప్లగ్ ఉండేది. దానిని నాలుగు పిన్నుల మదర్‌బోర్డుకు కలిపితే, చిప్ లోపలి వేడిని బట్టి బోర్డే వేగాన్ని శాసించేది. మూడు పిన్నుల పాత బోర్డుకు కలిపితే మళ్లీ థర్మిస్టర్ పద్ధతికే వచ్చేది. నేడు నాలుగు తీగల పద్ధతే సర్వసాధారణం.

డిగ్రీలు కాదు, తేడా చూడాలి

ఫ్యాను మంచిచెడులు తేల్చేందుకు ప్రాసెసర్ ఎన్ని డిగ్రీల వద్ద ఉందని మాత్రమే అడగడం పొరపాటు. గది కన్నా ఎంత ఎక్కువ వేడెక్కింది, ఎన్ని వాట్లకు వేడెక్కిందన్నదే అసలు కొలమానం. ఉదాహరణకు క్యాబినెట్‌తో కలిపి వాట్‌కు అర డిగ్రీ చొప్పున వేడి పెరిగే హీట్‌సింక్‌ను తీసుకుందాం. ఇంటెల్ కోర్ ఐ5-12400 ప్రాసెసర్ 65 వాట్ల రకమైనా, పని ఒత్తిడిలో 117 వాట్ల వరకు వాడుకోగలదు. ఆ స్థాయిలో గది కన్నా సుమారు 58 డిగ్రీలు పెరుగుతుంది. 22 డిగ్రీల గదిలో పరీక్షించిన విదేశీ సమీక్షకునికి 80 డిగ్రీలే కనిపిస్తాయి. 40 డిగ్రీల గదిలో అదే పరికరం 98కి చేరుతుంది. ఈ ప్రాసెసర్‌కు హద్దు 100 డిగ్రీలు. సమీక్షకుడు అబద్ధమాడలేదు, ఆయన గది వేరు.

హద్దు చేరితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఈ రక్షణ అన్నింటికీ మొదటినుంచీ లేదు. హీట్‌సింక్ ఊడదీయగానే ఏఎండీ అథ్లాన్ పొగలు కక్కి కాలిపోగా, పెంటియం-4 నెమ్మదించి పని కొనసాగించిన దృశ్యాలను 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ చూపింది. నేటి ప్రాసెసర్లు కాలిపోవు గానీ నెమ్మదిస్తాయి. డీటీపీ కేంద్రంలోనో, విద్యార్థి గదిలోనో మధ్యాహ్నం పూట కంప్యూటర్ మొరాయిస్తే వైరస్ అనుకుని విండోస్ మళ్లీ వేయించుకోవడం వృథా ఖర్చు. తెల్లవారుజామున అదే పని చకచకా సాగుతుంటే ముందుగా అనుమానించాల్సింది దుమ్ము పట్టిన రెక్కలను, ఎండిపోయిన థర్మల్ పేస్టును.

దుకాణంలో ఏసీ కింద, మూత తీసిన క్యాబినెట్‌లో చూపే పరీక్షకు విలువ తక్కువ. ఇంట్లో మూత బిగించి, గోడ థర్మామీటరులో గది వేడి రాసుకొని, కనీసం అరగంట పూర్తి ఒత్తిడితో నడపాలి. ప్రాసెసర్ వేడి, ఫ్యాను చుట్ల సంఖ్య, ప్రాసెసర్ గిగాహెర్ట్జ్ వేగం మూడింటినీ నమోదు చేయాలి. ఫ్యాను క్షణానికోసారి హెచ్చుతగ్గులు పడుతూ ఊళపెడుతుంటే బయాస్‌లో వేగం పెరిగే మెట్టును కాస్త పైకి జరపవచ్చు. మే నెలలో మాత్రం ఆ సర్దుబాటుకు అవకాశం కొద్దిగానే ఉంటుంది. ఇక ప్లగ్‌ను బోర్డుపై ‘సీపీయూ ఫ్యాన్’ అని ముద్రించిన చోటే పెట్టారో లేదో చూసుకోవాలి. పక్కనున్న క్యాబినెట్ ఫ్యాను పిన్నులకు తగిలిస్తే, బయాస్‌లో మార్చుకుంటే తప్ప, ఆ ఫ్యాను ప్రాసెసర్ వేడితో నిమిత్తం లేకుండా తిరిగే ప్రమాదం ఉంది.