కండరములలోని కొవ్వు

వింజమూరు ప్రాంతపు మెట్టరైతు డెబ్బది ఏండ్ల వయస్సున తొడను కొలిపించుకొనినచో, మునుపటి చుట్టుకొలతయే రావచ్చును. కాని వెనుకటివలె బస్తా ఎత్తలేడు. సి.టి. యంత్రముతో చూచినచో కారణము కొంత తెలియును: బూడిదరంగు కండల నడుమ కొవ్వు నల్లని చారలుగా కనబడును. కండ తగ్గుచుండగా అచట కొవ్వు చేరుచున్నది. టేపునకు రెండును ఒకటే!

ఇది కేవలము వయస్సు దోషము కాదు. 2008లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో 70-89 ఏండ్లవారిని రెండు జట్లుగా చేసిరి. ఏడాదిపాటు నడక మొదలగు వ్యాయామములు చేసినవారి తొడలలో ఈ కొవ్వు పెరుగలేదు. చేయనివారిలో సుమారు 18 శాతము పెరిగినది.

అయితే కండలోని కొవ్వంతయు చెడ్డదని తలపరాదు. కండర తంతువుల లోపల కూడ సన్నని కొవ్వు బిందువులు ఉండును. మధుమేహ రోగులలో ఇవి హెచ్చుగా ఉన్నందున, ఇన్సులిన్ సరిగా పనిచేయకుండుటకు ఇవియే కారణమని శాస్త్రజ్ఞులు అనుమానించిరి. 2001లో గుడ్‌పాస్టర్, ఆయన సహచరులు ఓర్పుతో కూడిన క్రీడలలో ఆరితేరినవారి కండలను పరీక్షింపగా వారిలోను ఇవి హెచ్చుగనే ఉన్నవి. ఇన్సులిన్ మాత్రము చక్కగా పనిచేయుచున్నది! పొయ్యి మండు ఇంటిలో కట్టెలమోపు పెద్దదైనను కదలక పడియుండదు. ఒకవైపు కాలుచుండును, మరియొకవైపు నిండుచుండును. క్రీడాకారుని తంతువులలో ఆ పొయ్యిలు మైటోకాండ్రియాలు. వ్యాయామమువలన వాని సంఖ్య పెరుగును, ముసలితనమున మొదలుపెట్టినను.